నేర్పిన ఏడుపు

జూన్ 12, గురువారం. ఇల్లందు

ఈ గదికి ఫ్యాను పెట్టిస్తామని పోయిన ఏడాది నుంచి చెబుతున్నారు. వారానికి ఒక్క రోజు వచ్చే సైకాలజిస్టుకు ఫ్యాను దండగ అనుకున్నారేమో. సోమవారం నుంచి బుధవారం దాకా భద్రాచలం, గురువారం ఇక్కడ, శనివారం దుమ్ముగూడెం క్యాంపు. ఎక్కడా నాకంటూ గది లేదు. ఇక్కడైతే టీకాలు వేసే గదిలో కూర్చుని జనాల మనసులు బాగుచేస్తున్నాను.

గోరి వచ్చింది. నిద్ర లేదు, ఒళ్లునొప్పులు, అన్నం సహించదు, అన్నీ అలాగే ఉన్నాయి. మొగుడు చిరంజీవి సత్తుపల్లి ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. ఇంకో ఆమెను తెచ్చుకుని దీన్ని తండాకు తోలేశాడు. ఇప్పుడు కూతురు భాను తనకే కావాలని ఖమ్మం కోర్టులో కేసు వేశాడు. గోరికి మతి సరిగ్గా లేదట, పొద్దస్తమానం పాట పాడుతూ ఏడుస్తుందట. నాకు నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి. ఆ లెక్కన మా అమ్మనూ మా పెద్దమ్మనూ ఎప్పుడో ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో వేయాల్సింది.

చెబుతూ చెబుతూ గోరి నా మెడ పట్టుకుంది. ఢావ్లో ఎత్తుకుంది, అంటే మా లంబాడీ మాటల్లో, రాగం తీసి ఏడ్చే ఏడుపు. ఆరేళ్ల భాను గుమ్మంలో నిలబడి బిస్కెట్ తింటూ చూస్తోంది. మా వాళ్లలో ఒకరు మెడ పట్టుకుని ఏడుపు ఎత్తుకుంటే రెండోవాళ్లు అందుకోవాలి. ఊరకున్నామంటే నువ్వు నాకేమీ కావు అన్నట్టే. సైకాలజిస్టు అలా అందుకోకూడదని నాకు తెలుసు. నర్సు వింటుందేమోనని తలుపు వైపు చూస్తూ రెండు ముక్కలు మెల్లగా అందుకున్నాను. గోరి తేలికపడింది. నేనూ తేలికపడ్డాను, అదే ఇబ్బంది.

ఆదివారం మేడంకు చెప్పాలి.

జూన్ 15, ఆదివారం. ఖమ్మం

మేడం దగ్గరికి ఈసారి ఆలస్యంగా వెళ్లాను. కొత్తగూడెం దగ్గర బస్సు ఆగిపోయింది. రాజ్యశ్రీ మేడం ఏమీ అనలేదు. చేపల తొట్టి పక్క కుర్చీ చూపించి, మజ్జిగ ఇప్పించి, "కాస్త కూర్చుని ఊపిరి తీసుకో తల్లీ" అన్నారు. ఎంఫిల్ చదివేటప్పుడు హాస్టలు దొరక్కపోతే ఈ ఇంట్లోనే ఏడు నెలలున్నాను. ఉద్యోగం వచ్చాక కూడా నెలకు రెండు ఆదివారాలు సూపర్‌విజన్‌కు వస్తాను. నా కేసులూ నా మనసూ రెండూ ఆమె ముందు పరుస్తాను. పేషెంట్ల పేర్లు చెప్పను. నా సంగతి మాత్రం దాచేది ఏముంది.

గోరితో కలిసి ఏడ్చిన మాట చెప్పాను. "ఇల్లందు పక్కన తండా, ఆరేళ్ల పాప, మొగుడు బొగ్గు గనిలో, పాప కోసం కేసు" అని.

"పేషెంటుతో కలిసి నువ్వూ ఏడిస్తే ఇక నువ్వెందుకమ్మా? పక్కింటావిడ చాలదా?" అన్నారు. నవ్వేశాం ఇద్దరం.

తర్వాత నా పెళ్లి ఏడుపు సంగతి మళ్లీ చెప్పమన్నారు. పోయినేడు చెప్పిందే. మళ్లీ చెప్పాను. పెళ్లికి ముందు రోజూ సాయంత్రం పెద్దాళ్లు నన్ను కూర్చోబెట్టి ఏడవడం నేర్పారు. రాగం వాళ్లిచ్చారు, మాటలు నేను కట్టుకున్నాను. నీళ్లు రాకపోతే మా పెద్దమ్మ తొడ మీద గిల్లేది. పెళ్లినాడు తండా అంతా మెచ్చుకునేలా ఏడ్చాను, కానీ అప్పుడు లోపల దుఃఖం అంటూ ఏమీ లేదు. ఉద్యోగం వచ్చింది, చూసి చేసుకున్న మొగుడు, ఏడవడానికేముంది. తర్వాత ఆయనతో మణుగూరు వెళ్లే జీపులో, మా అమ్మ మెడ పట్టుకుని నేను పాడిన మాటే నాకు మళ్లీ వినబడింది. అప్పుడు వచ్చింది అసలైనది. జీపు ఆపమని కిందికి దిగి కూర్చున్నాను. ఆ రాగం నేర్పకపోయి ఉంటే నాకది ఎప్పటికీ దొరికేది కాదని మేడంకు చెప్పాను.

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎంత బాగా చెప్పావమ్మా" అన్నారు. నన్ను అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఇంకెవరూ లేరు. మా ఆయన కూడా లేడు, పాపం, నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి ఎంతని వింటాడు.

జూన్ 19, గురువారం

తల్లినీ తండ్రినీ పాపనూ పరీక్ష చేయమని కోర్టు ఖమ్మంలో ఎవరో సైకాలజిస్టుకు అప్పగించిందట. గోరికి భయం. "ఏం దాచకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు, చదువుకున్నావిడకు అర్థమవుతుంది" అని ధైర్యం చెప్పాను.

జూన్ 26, గురువారం. ఇల్లందు

గోరి వెళ్లొచ్చింది. ముఖం కాస్త తేటగా ఉంది.

"ఆ మేడం మస్తు మంచిగ మాట్లాడిందక్కా. భానుకు బొమ్మలిచ్చి ఆడుకొమ్మంది. నన్ను గూడ అమ్మా అనే పిలిచింది."

"ఏమడిగింది?"

"నాన్న దగ్గరికి పోతవా అని భానును అడిగింది. పిల్ల నా మెడ పట్టుకుని ఏడుపు ఎత్తుకుంది. నేను అందుకున్న. ఆమె చూస్త కూసుంది. అయినంక, గిట్ల ఏడ్చుడు నీకు ఎవలు నేర్పిండ్రు అన్నది. మా యాడి, అంటే మా అమ్మ, నేర్పింది అన్న. మరి భానుకు నువ్వే నేర్పినవా అన్నది. అవ్, నేను గాక ఎవలు నేర్పుతరు అన్న."

నేను పెన్ను కింద పెట్టేశాను. ఆ ప్రశ్న మా తండా బయట ఎవరికీ తట్టదు. ఏడుపును ఎవరైనా నేర్పుతారని ఎవరనుకుంటారు?

ఆ ఇల్లు ఎట్లా ఉందని అడిగాను. గేటు మీద కాగితం పూల తీగ ఉందట, కూర్చునే గదిలో చేపల తొట్టి ఉందట, అందులో ఒకటే నల్ల చేప అట.

ఖమ్మంలో చేపల తొట్టి ఉన్న క్లినిక్కులు బోలెడుంటాయి.

జూన్ 26, రాత్రి

నల్ల చేప ఎవరైనా పెంచుకోవచ్చు.

జూన్ 29, ఆదివారం. ఖమ్మం

అడగలేదు. అడుగుదామనే వెళ్లాను. మేడంకు జలుబు, గొంతు బొంగురుపోయి ఉంది. దుమ్ముగూడెం క్యాంపులో ఫిట్స్ వచ్చే కుర్రాడి గురించి మాట్లాడుకున్నాం. గోరి సంగతి నేను ఎత్తలేదు, మేడం కూడా ఎత్తలేదు. ప్రతిసారీ "ఆ ఇల్లందు అమ్మాయి ఎలా ఉంది?" అని అడిగేవారు. ఇవాళ అడగలేదు. జలుబు వల్ల కావచ్చు.

ఒకవేళ ఆవిడే అయితే మరీ మంచిది. మా ఏడుపు అంటే ఏమిటో తెలిసిన సైకాలజిస్టు ఈ జిల్లాల్లో నేను కాక ఆవిడ ఒక్కరే. గోరి అదృష్టం అనుకోవాలి. మేడం అన్యాయం చేయరు.

జూలై 3, గురువారం

మేడం అన్యాయం చేయరు.

జూలై 8, మంగళవారం. ఖమ్మం

సెలవు పెట్టి కోర్టుకు వెళ్లాను. గోరికి ప్రభుత్వం తరఫున ఇచ్చిన లాయరు సుబ్బరత్నం గారు రమ్మన్నారు. వైద్యం చేస్తున్న మనిషి పక్కనుంటే తల్లికి ధైర్యమని ఆవిడ ఉద్దేశం. వెనక బెంచీ మీద కూర్చున్నాను. ముందు బెంచీలో గోరి, వాళ్ల నాన్న హాతీరాం కాకా, ఇద్దరి మధ్యా భాను. అటువైపు చిరంజీవి, ఇస్త్రీ చొక్కాలో, పెళ్లిచూపులకు వచ్చినట్టు.

సాక్షిని పిలిచారు. మేడం లోపలికి వచ్చారు. ముదురాకుపచ్చ గద్వాల చీర, నాకు ఉద్యోగం వచ్చిన రోజు కట్టుకున్నదే. నన్ను చూశారు. తల కొంచెం ఆడించారు, పెళ్లిలో తెలిసినవాళ్లు కనబడితే ఆడించినట్టు.

జడ్జిగారు తల్లీకూతుళ్ల ఏడుపు గురించి అడిగారు. మేడం నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టే చెప్పారు. ఆ సముదాయంలో ఆడపిల్లలకు ఏడవడం నేర్పుతారు. దానికి రాగం ఉంటుంది, సాధన ఉంటుంది. పాప ఏడ్చిన తీరు తల్లి నేర్పినదే, తల్లే ఒప్పుకుంది. కాబట్టి తండ్రి దగ్గరికి వెళ్లనని పాప ఏడవడాన్ని పాప సొంత ఇష్టంగా తీసుకోలేం.

తర్వాత ఆ మాట అన్నారు. "ఇది నేను ఊహించి చెప్పడం లేదు. ఆ సముదాయానికే చెందిన ఒక సైకాలజిస్టు, నా దగ్గర శిక్షణ పొందిన అమ్మాయి, స్వయంగా నాతో చెప్పింది. తన పెళ్లిలో లోపల దుఃఖం అంటూ ఏమీ లేకుండానే తండా అంతా మెచ్చుకునేలా ఏడ్చానని."

అవి నా మాటలే. అంటూ ఏమీ లేకుండానే, తండా అంతా మెచ్చుకునేలా. పొల్లు పోకుండా నా మాటలే. జీపు లేదు. జీపు దిగి నేను రోడ్డు పక్కన కూర్చున్నది లేదు.

గోరి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ హాల్లో ఆ సముదాయానికి చెందిన సైకాలజిస్టు నేను ఒక్కదాన్నే కదా. హాతీరాం కాకా తిరగలేదు. ఆయన మెడ వంచుకుని తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

సుబ్బరత్నం గారు లేచి, నేర్చుకున్న ఏడుపైతే దుఃఖం లేనట్టేనా అని అడిగారు. "లేదని నేను అనడం లేదు. ఆ ఏడుపును బట్టి ఉందని చెప్పలేం అంటున్నాను" అన్నారు మేడం. ఎంత చక్కని జవాబు. నేను విద్యార్థినైతే నోట్సు రాసుకునేదాన్ని.

పాప తల్లి ప్రభావం లేకుండా ఆరు వారాలు తండ్రి దగ్గర ఉండాలని, ఆ తర్వాత పాపను తామే విడిగా అడుగుతామని జడ్జిగారు చెప్పారు. వరండాలో సుబ్బరత్నం గారిని పట్టుకున్నాను.

"నన్ను బోను ఎక్కించండి మేడం. మిగతా సగం నేను చెబుతాను."

"ఆ మాట మీరు అన్నారా లేదా అని ముందు అడుగుతారు. ఏమంటారు?"

"అన్నాననే చెబుతాను."

"అయితే వద్దులెండి" అన్నారావిడ. కోపంగా కాదు, అలసటగా అన్నారు.

జూలై 10, గురువారం

గోరి రాలేదు. అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "రేపు నేను పోయినంక నువ్వు ఏడిస్తే గూడ ఊకెనే ఏడుస్తుందని అంటరేమో బిడ్డా" అంది.

జూలై 13, ఆదివారం. ఖమ్మం

అడిగాను. కూర్చోకముందే అడిగాను.

"నీ పేరు చెప్పలేదు కదమ్మా" అన్నారు మేడం.

"ఆ అమ్మాయి నా పేషెంటని మీకు తెలుసు."

"మొదటి రోజే అర్థమైంది. పాప వయసు, ఇల్లందు, బొగ్గు గని. నువ్వు చెప్పినవే కదా."

"అప్పుడే ఈ కేసు నాకు వద్దని కోర్టుకు చెప్పాల్సింది. సూపర్‌విజన్‌లో విన్నది గది దాటకూడదని నాకు నేర్పింది మీరు."

"నేనూ ఆలోచించానమ్మా. ఇంకెవరికైనా వెళితే, ఈవిడకు పిచ్చి అని రాసి పడేసేవాళ్లు. నేను ఆ మాట రాయనివ్వలేదు. అది ఎవరూ చూడరు."

నిజమే. పిచ్చి అని రాయలేదు. నటన అని మాత్రం చెప్పింది.

"సగమే చెప్పారు మేడం. జీపు సంగతి ఎందుకు చెప్పలేదు?"

అప్పుడు మేడం నా చేయి పట్టుకున్నారు. "హేమా, ఇలా కూర్చో. ఆ పాప ఆ తండాలో ఉంటే ఏమవుతుంది? పదో తరగతి కూడా దాటదు. తండ్రి దగ్గర క్వార్టరుంది, ఇంగ్లీషు మీడియం బడి ఉంది. నువ్వు మా ఇంటికి వచ్చావు కాబట్టే ఇంతదానివయ్యావు. తండాలోనే ఉండిపోతే ఇవాళ ఇక్కడ కూర్చునేదానివా? నిన్ను చూసే నేను ధైర్యంగా ఆ మాట చెప్పాను."

నన్ను చూసే.

ఇంటికి ఎవరొచ్చినా మేడం నన్ను పరిచయం చేసే పద్ధతి ఒకటుంది. "మా హేమ. తండా నుంచి వచ్చి ఎంత పైకొచ్చిందో చూడండి" అంటారు. అది విన్న ప్రతిసారీ ఒళ్లు పొంగేది నాకు. నేను చదివింది మా నాన్న రెండెకరాల పత్తి మీద, మా అమ్మ కూలి మీద. మేడం ఇంట్లో ఉన్నది ఏడు నెలలు. ఈ మాట అక్కడే అనాల్సింది.

"మనిద్దరం కలిసి దీని మీద మంచి పేపర్ రాద్దాం. నీ పేరే ముందు పెడదాం" అన్నారు లేస్తూ. "అన్నం తిని వెళ్లు. పప్పుచారు చేయించాను, నీకిష్టమని."

తిన్నాను. కూర్చుని, మారు కూడా వడ్డించుకుని తిన్నాను. నా ఒంటి మీద నాకే అసహ్యం వేసింది, అయినా చేయి కలుపుతూనే ఉంది. పోయిన ఐదేళ్లలో ఆ ఇంట్లో తినకుండా లేచింది లేదు. చేతికి ఇంకా తెలియలేదు కాబోలు.

జూలై 17, గురువారం

గోరి రాలేదు.

జూలై 24, గురువారం

గోరి రాలేదు. భద్రాచలంలో గోదావరి పెరుగుతోంది, దుమ్ముగూడెం క్యాంపు రద్దు. రాజ్యశ్రీ గారు రెండుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. "నీళ్లు ఎలా ఉన్నాయి తల్లీ, జాగ్రత్త" అని మెసేజ్ పెట్టారు. నా క్షేమం నిజంగానే కావాలి ఆవిడకు. నాకు కోపం తెప్పించేది అదే.

జూలై 31, గురువారం. ఇల్లందు

గోరి వచ్చింది, హాతీరాం కాకాతో. నేను పిలిపించాను. ఆశా వర్కర్‌తో మూడుసార్లు కబురు పెడితే వచ్చారు. గోరి కుర్చీ కొసన కూర్చుంది. అక్కా అనలేదు.

ఆ మాటలు ఏ సందర్భంలో అన్నానో చెప్పాను. మిగతా సగం కూడా చెప్పాను. విన్నదో లేదో తెలియదు.

తర్వాత నేను ఆలోచించి పెట్టుకున్న సలహా ఇచ్చాను. ఆగస్టు పంతొమ్మిదిన కోర్టులో మళ్లీ ఏడవకు. రాగం తీస్తే నటన అని ఇప్పటికే చెప్పి ఉన్నారు. చిరంజీవి లాయరు చూస్తూ ఉంటాడు. పాప వచ్చి ఏడుపు ఎత్తుకున్నా నువ్వు అందుకోకు. దగ్గరికి తీసుకో, తల నిమురు, అంతే.

హాతీరాం కాకా అడిగాడు. "పిల్ల మెడ వట్టుకుని ఏడుస్తుంటే తల్లి జవాబియ్యకుండ ఎట్లుంటది బేటీ?"

"ఒక్క రోజే కదా కాకా. పిల్ల ఇంటికి వచ్చాక ఎంతైనా ఏడ్చుకోవచ్చు."

"నువ్వు చదువుకున్నదానివి" అన్నాడు. ఆయన ఆ మాట ఎలా అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సలహా సరైనదే. కోర్టు తీరు తెలిసినవాళ్లు ఎవరైనా ఇదే చెబుతారు.

ఆగస్టు 10, ఆదివారం

ఖమ్మం వెళ్లకుండా గడిపిన మరో ఆదివారం. బట్టలు ఉతుక్కున్నాను. ఆయన మణుగూరు నుంచి వచ్చి చేపల పులుసు చేశాడు. సలహా సరైనదేనా అని అడిగాను. "ఇప్పుడు నన్నడుగుతవేంది, ఇచ్చొచ్చినంక" అన్నాడు.

ఆగస్టు 19, మంగళవారం. ఖమ్మం

కోర్టు వరండా. మేం ముందే వచ్చాం. గోరి ఉతికిన చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, పంటి బిగువున నిలబడింది. దారి పొడుగునా నేను చెప్పిందే చెప్పాను.

చిరంజీవి బండి ఆగింది. భాను దిగింది. జుట్టు కత్తిరించారు. బడి యూనిఫాం, టై, బూట్లు. తల్లిని చూడగానే పరుగెత్తుకొచ్చింది. గోరి వంగింది. పిల్ల రెండు చేతులూ మెడ చుట్టూ వేసి ఏడుపు ఎత్తుకుంది, చిన్న గొంతుతో, తప్పు లేకుండా. యాడీ, నన్ను ఎవరి గుమ్మంలో విడిచిపెట్టావు, నా జడ ఎవరు కోశారో చూడు. ఆ మాటలు గోరి నేర్పినవి కావు. జడ పోయింది సత్తుపల్లిలో.

గోరి నా వైపు చూసింది. అటు లాయరు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

గోరి అందుకోలేదు. పిల్ల తల నిమిరింది, నేను చెప్పినట్టే.

భాను రెండో ముక్క ఎత్తుకుంది. ఆగి చూసింది. మూడోది సగంలో ఆపేసింది. చేతులు మెడ మీద నుంచి తీసింది. తల్లి ముఖాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. టైతో ముక్కు తుడుచుకుని నడిచి వెళ్లి తండ్రి పక్కన నిలబడింది. ఆరేళ్ల పిల్ల. దానికి మా పద్ధతి తెలుసు. జవాబు రాలేదంటే ఏమిటో తెలుసు.

జడ్జిగారి గదిలో ఎవరి దగ్గర ఉంటావని అడిగితే, "డాడీ దగ్గర" అందట.

లోపల అటు లాయరు లేచి, ఆరు వారాల తర్వాత కన్నబిడ్డను చూసి కూడా తల్లి కంట చుక్క నీరు రాలేదని చెప్పాడు. వరండాలో అందరూ చూశారన్నాడు. ఏడిస్తే నటన అన్నది వీళ్లే. నేను బెంచీ మీద కూర్చుని రెండు చెవులా విన్నాను.

రాజ్యశ్రీ గారు ఇవాళ కోర్టుకు రాలేదు. వచ్చే పని లేదు. ఆవిడ పని నేను చేసి పెట్టాను.

ఆగస్టు 20, బుధవారం

తల ఊపింది నేను.

ఆగస్టు 28, గురువారం. ఇల్లందు

గోరి వచ్చింది. పిలవకుండానే వచ్చింది. నిద్ర మాత్రలు రాయించమంది. పాప తండ్రి దగ్గరే. నెలకు రెండు శనివారాలు తల్లి కోర్టు ఆవరణలోని గదిలో గంటసేపు చూడవచ్చు. ఆ గంటా ఒక కౌన్సిలర్ లోపల కూర్చుని గమనించి, తల్లీపిల్లలు ఎట్లా ఉన్నారో కోర్టుకు చెప్పాలి. ఆరు నెలల తర్వాత దాన్ని బట్టి మళ్లీ ఆలోచిస్తారు.

ఆ కౌన్సిలర్‌ను నేనే. సుబ్బరత్నం గారు నా పేరు ఇచ్చారు, భాష తెలుసని. అటువైపు వాళ్లు అడ్డు చెప్పలేదు. ఎందుకంటే రాజ్యశ్రీ గారు వాళ్లకు నా గురించి హామీ ఇచ్చారట. "మా హేమ ఎవరి పక్షమూ వహించదు" అని. వైద్యం చేసే మనిషి సాక్షి పని చేయకూడదని నాకు తెలుసు. వద్దంటే ఎవరో తెలియని మనిషి వచ్చి కూర్చుని, మా మాటలు అర్థం కాక, తోచింది చెబుతుంది. ఒప్పుకున్నాను. రాజ్యశ్రీ గారూ ఇట్లాగే అనుకుని ఒప్పుకుని ఉంటారు. ఇంకెవరికైనా వెళితే, అని.

ఈ మాట గోరికి చెప్పాను. ఊరికే విన్నది. ముఖం రాయిలా ఉంది.

"ఇక్కడెవరూ లేరు గోరీ. ఏడవాలనిపిస్తే ఏడువు" అన్నాను.

"ఈడ ఏడిస్తే ఎవలకు చెప్తవక్కా?"

ఎగతాళిగా అడగలేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. మాత్రల చీటీ రాయించి ఇచ్చాను, తీసుకుని వెళ్లిపోయింది. ఎన్నాళ్ల తర్వాతో అక్కా అంది, అదీ ఆ మాట చివర.

సెప్టెంబర్ 1, సోమవారం

రాజ్యశ్రీ గారికి మెసేజ్ పెట్టాను. పేపర్ రాయను, సూపర్‌విజన్‌కు ఇక రాను, మీరు చేసిన పని మీద మన సైకాలజిస్టుల కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తున్నాను అని. వెంటనే జవాబు వచ్చింది. "నీకు అలా అనిపిస్తే తప్పకుండా చెయ్యి తల్లీ. నీ ధైర్యం చూస్తే గర్వంగా ఉంది."

ఫోను మంచం మీదికి విసిరేశాను. ఈ మనిషి తన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నన్ను ఒంటరిగా వదలదు.

సెప్టెంబర్ 6, శనివారం. ఖమ్మం

మొదటి శనివారం. దుమ్ముగూడెం క్యాంపుకు సెలవు పెట్టాను.

గది చిన్నది. ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు బాలల హక్కుల పోస్టరు. గోరి మక్క గారెలు చేసి తెచ్చింది. భానును చిరంజీవి గుమ్మం దాకా తెచ్చి వదిలి కిందికి వెళ్లాడు. పిల్ల లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, చేతులు కట్టుకుంది. బడిలో నేర్పి ఉంటారు.

గోరి గారె ఇచ్చింది. భాను "థాంక్యూ" అంది. బడి బాగుందా అని గోరి తెలుగులో అడిగింది. బాగుందంది భాను. ఇద్దరూ పరాయి ఇంట్లో కలిసిన దూరపు చుట్టాల్లా మాట్లాడుకున్నారు. నేను మూడో కుర్చీలో కూర్చుని గమనిస్తున్నాను. నా పని అదే.

కొంతసేపటికి గోరి కుర్చీ దిగింది. నా వైపు చూడలేదు. పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ చాచి పిల్ల మెడ చుట్టూ వేసింది. ఏడుపు ఎత్తుకోబోయింది. ఆ రోజు బాకీ పడిన జవాబది. గొంతులో రాగం ఇంకా మొదలు కాలేదు, ఊపిరి మాత్రం పట్టింది.

భాను గబుక్కున తల్లి నోటి మీద అరచెయ్యి పెట్టింది. నన్ను ఒకసారి చూసి, మా మాటల్లో మెల్లగా చెప్పింది.

"ఏడ్వకు యాడీ. మేడం వింటది."

మేడం అంటే నేను. దానికి తెలిసిన మేడంలు ఇద్దరు. ఒకామె బొమ్మలిచ్చి, విని, సత్తుపల్లికి పంపింది. రెండోదాన్ని నేను.

గోరి చేతులు దించలేదు. పిల్ల చెయ్యి తీయలేదు. నేను లేచాను. బ్యాగు తీసుకుని బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. వరండాలో అటెండరు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"మేడం, మీరు లోపట్నే ఉండాలె గద?"

"అవ్" అన్నాను.

మెట్లు దిగాను. చిరంజీవి బండికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. గేటు దాటి, రోడ్డు దాటి, బస్సుల హారన్లు తప్ప ఏమీ వినబడని చోట టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. టీ చెప్పాను. జీవితమంతా వినడమే చదువుకున్నాను, అందుకే జీతమిస్తున్నారు. ఆ గంటలో నా చెవులకు ఆ గది అందకుండా నిలబడటం తప్ప గోరికి నేను ఇవ్వగలిగింది ఏమీ కనబడలేదు.

గంట అయ్యాక తిరిగి వెళ్లాను. అటెండరు పిల్లను కిందికి తీసుకుపోతున్నాడు. నేను పిల్ల ముఖం చూడకుండా పక్కకు జరిగాను. గదిలో గోరి గిన్నె మూత పెట్టుకుంటోంది. ఆమె కళ్లు కూడా చూడలేదు. బస్టాండు దాకా కలిసి నడిచాం. తను చెప్పలేదు, నేను అడగలేదు. ఇల్లందు బస్సు ఎక్కించాను.

సోమవారం కోర్టు వాళ్లు అడుగుతారు, లోపల ఏం జరిగిందని. బయటికి ఎందుకు వచ్చావని కూడా అడుగుతారు. ఈ పని నుంచి నన్ను తీసేయవచ్చు. భద్రాచలానికి ఫోన్ చేసి ఉద్యోగం దాకా తేవచ్చు. దేనికైనా నా జవాబు ఒకటే. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. పిల్ల అందుకుందో లేదో తెలియదు.

ఇక్కడ రాసుకోవడానికి కూడా తెలియదు.